ఎర్రమందుకు ఎరువు ఉప్పు

పట్టుచీర కొనడానికి సర్జాపుర దారి పట్టే బెంగళూరువాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పట్టుకు రంగు వేసేటప్పుడు తొట్టిలో కాస్త ఆమ్లం కలపడం మామూలే. పట్టుపోగంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఆమ్లం తగిలితే దానికి ధనావేశం వస్తుంది, ఋణావేశమున్న రంగు వచ్చి పట్టుకుంటుంది. నూలుకైతే ఉప్పు వేస్తారు. రంగు ఎంత మంచిదైనా, తొట్టిలో తోడుగా ఏముందో చూడాలి.

నానోరేణువులోకి మందు ఎక్కించడమూ ఇలాంటి అద్దకమే. డాక్సోరూబిసిన్ అనే ఎర్రటి క్యాన్సర్ మందు కణితితోపాటు గుండెనూ దెబ్బతీస్తుంది. దాన్ని కొవ్వు బుడగలో దాచి పంపితే? అలాంటి బుడగల్ని, అంటే లైపోజోముల్ని, 1960లలోనే ఇంగ్లండులో అలెక్ బాంగమ్ వర్ణించాడు. చిక్కల్లా నింపడంలోనే. మందునీ కొవ్వునీ కలిపి గిలక్కొడితే లోపలికి చేరేది కొంచెమే.

జెరూసలేంలో యెహెజ్కెల్ బారెన్‌హోల్జ్ బృందం పట్టుకున్న కిటుకు అమోనియం సల్ఫేట్. అవును, మన రైతులు పొలంలో చల్లేదే! ముందు బుడగల్లో ఈ ఉప్పునీళ్లు నింపి, బయట మిగిలిన ఉప్పును తీసేస్తారు. లోపలి నుంచి అమోనియా బయటికి జారిపోతుంది, పోతూ పోతూ ప్రోటాన్‌ను వదిలేస్తుంది. లోపల పులుపెక్కుతుంది. ఆవేశం లేని మందు అణువు కొవ్వుగోడ దాటి లోపలికి రాగానే ఆ ప్రోటాన్‌ను తగిలించుకుంటుంది. ఆవేశం వచ్చాక గోడ దాటడం కష్టం. పైగా సల్ఫేట్‌తో కలిసి గడ్డకడుతుంది. ఇలా 90 శాతానికి పైగా మందు లోపలికి చేరింది. సుమారు 100 నానోమీటర్ల బుడగలో వేల అణువులు! నాకైతే ఈ కథలో కథానాయకుడు మందు కాదు, ఎరువే.

అమైనో ఆమ్లానికీ ఇందులో చోటుంది. బుడగల బయటి ద్రవంలో హిస్టిడిన్ ఉంటుంది, ఆమ్లత అటూఇటూ కాకుండా కాపు కాస్తుంది.

డాక్సిల్ పేరుతో 1995లో అమెరికా అనుమతి పొందిన ఈ మందును తొలి నానో ఔషధంగా చెబుతారు. 2012లో అక్కడ డాక్సిల్‌కు కొరత వస్తే మన దేశపు సన్ ఫార్మా తయారీ లిపోడాక్స్‌ను దిగుమతి చేసుకున్నారు. 2017లో హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ కూడా తన జెనెరిక్‌ను అక్కడ విడుదల చేసింది.

లోపల ఎరువు ఉప్పు అంత మేలు చేసినా, బయట మామూలు ఉప్పునీళ్లను మాత్రం దగ్గరికి రానివ్వరు. ఈ మందును రోగికి ఎక్కించే ముందు 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలుపుతారు, సెలైన్‌లో కలపరు.