ధర కనిపిస్తే చాలదు, కొలత తెలియాలి

ఒక చిన్న వ్యాపారి వెబ్‌సైట్‌లో ఆర్డరు పడింది. వివరాలు షీట్‌లోకి ఎక్కాలి, బిల్లు తయారవ్వాలి, గోదాముకు కబురు వెళ్లాలి, కొన్నవారికి మెసేజీ చేరాలి. ఈ నాలుగు పనులనూ మనిషి చెయ్యి పడకుండా జరిపించేవే ఇంటిగ్రేషన్ ప్లాట్‌ఫారాలు. వీటికి నెలకు ఎంతవుతుందో ముందే తెలుసుకోవచ్చా? కొన్నిటికి తెలుస్తుంది, కొన్నిటికి తెలియదు. తెలిసినచోట కూడా లెక్క మనమే వేసుకోవాలి.

మూడు ధరలు, మూడు కొలతలు

2025లో ఏడాది చందా కడితే, ఇలాంటి మూడు ప్లాట్‌ఫారాలకు నెలకు పడిన ప్రారంభ ధరలివి:

• జాపియర్ ప్రొఫెషనల్: 19.99 డాలర్లు, 750 టాస్కులు
• మేక్ కోర్: 9 డాలర్లు, 10,000 ఆపరేషన్లు
• ఎన్8ఎన్ స్టార్టర్: 20 యూరోలు, 2,500 ఎగ్జిక్యూషన్లు

పైకి చూస్తే మేక్ అన్నిటికన్నా చవక. కానీ టాస్కు, ఆపరేషన్, ఎగ్జిక్యూషన్ ఒకటి కావు. ఆర్డరు వచ్చిందని పసిగట్టే ట్రిగ్గర్‌ను జాపియర్ లెక్కపెట్టదు, ఆ తర్వాత చేసే పనులను లెక్కపెడుతుంది. మేక్ ట్రిగ్గర్‌ను కూడా కలుపుతుంది. ఎన్8ఎన్‌లో ఎన్ని దశలున్నా మొత్తం కలిపి ఒక్కటే.

మన వ్యాపారికి ఆర్డరుకు నాలుగు పనులు. నెల కోటాతో జాపియర్‌లో 187, మేక్‌లో 2,000, ఎన్8ఎన్‌లో 2,500 ఆర్డర్లు నడుస్తాయి. పనులు ఇరవైకి పెరిగితే జాపియర్‌లో 37, మేక్‌లో 476కు పడిపోతాయి. ఎన్8ఎన్‌లో మాత్రం 2,500 అలాగే ఉంటాయి. పని పొడవు పెరిగేకొద్దీ ‘చవక’ చేతులు మారుతోంది. ఇది ధరల పట్టిక చూస్తే తెలిసేది కాదు.

ఖాళీ చేతులకూ ఖర్చు

మేక్‌లో కొన్ని ట్రిగ్గర్లు కొత్త సమాచారం ఉందా అని ఎప్పటికప్పుడు వెళ్లి చూసి వస్తాయి. ఏమీ దొరకకపోయినా ఒక ఆపరేషన్ ఖర్చవుతుంది. 15 నిమిషాలకోసారి చూస్తే రోజుకు 96, ముప్పై రోజులకు 2,880. నెలకు 1,000 ఇచ్చే ఉచిత ప్లాన్ ఒక్క ఆర్డరూ రాకుండానే పదకొండో రోజుకు అయిపోతుంది. సమాచారం వచ్చినప్పుడే కదిలే వెబ్‌హుక్ పెట్టుకుంటే ఈ నష్టం ఉండదు. మేక్ 2025 ఆగస్టులో ఆపరేషన్ బదులు క్రెడిట్‌ను కొలతగా తెచ్చింది. కొలత మారినప్పుడల్లా లెక్క మళ్లీ మొదటినుంచి చూసుకోవాలి.

కోటా దాటాక సంగతీ అడగాలి. జాపియర్‌లో అదనపు టాస్కుకు మామూలు రేటుకు 1.25 రెట్లు పడుతుంది. అది ముందే చెప్పిన మాట, కాబట్టి లెక్కలో వేసుకోగలం.

రేటు బయటపెట్టనివారు, పైసలతో చెప్పేవారు

అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో కోర్సుగా నేర్పే ఇంటిగ్రేషన్ ప్లాట్‌ఫారం మ్యూల్‌సాఫ్ట్‌ను సేల్స్‌ఫోర్స్ 2018లో సుమారు 650 కోట్ల డాలర్లకు కొన్నది. దాని ధర తెలియాలంటే సేల్స్ విభాగంతో మాట్లాడాల్సిందే. ఇదే కోవకు చెందిన వర్కాటో తీరూ అదే. పెద్ద సంస్థల అవసరాలు ఒకలా ఉండవన్నది నిజమే. కానీ పక్కవాడు ఎంతకు కొన్నాడో తెలియకుండా బేరమాడేవాడిదే ఎప్పుడూ బలహీనమైన పక్షం.

అమెజాన్ స్టెప్ ఫంక్షన్స్‌ది మరో కొస. దాని స్టాండర్డ్ పద్ధతిలో నెలకు 4,000 దశలు ఉచితం, అమెరికా ప్రధాన రీజియన్లలో ఆపైన ప్రతి వెయ్యికి 0.025 డాలర్లు. నెలకు 5,000 ఆర్డర్లు, ఆర్డరుకు 5 దశలు అనుకుంటే 25,000 దశలు; ఉచితం పోను 21,000కు అర డాలరు పైచిలుకు. ఇంత స్పష్టత మెచ్చుకోదగ్గదే. అయితే దానికి తోడుగా వాడే మిగతా సేవలకు వేరే బిల్లు వస్తుంది, నడపడానికి చేయి తిరిగిన ఇంజినీరు కావాలి.

సంతకానికి ముందు

కొనేవారు మూడు అడగాలి. దేన్ని ఒకటిగా లెక్కపెడతారు? ఏమీ జరగకపోయినా, పని విఫలమై మళ్లీ నడిచినా లెక్కలోకి వస్తుందా? కోటా దాటితే పని ఆగుతుందా, రేటు పెరుగుతుందా? తమ నిజమైన ఒక నెల ఆర్డర్లతో నమూనా బిల్లు వేసి రాతపూర్వకంగా ఇమ్మనాలి.

పప్పు పొట్లం మీద ఎమ్మార్పీతో పాటు నికర పరిమాణమూ ముద్రించాలని మన నిబంధనలు చెబుతాయి. రెండూ పక్కపక్కన ఉంటేనే కొనేవాడు పోల్చుకోగలడు. నెలనెలా డాలర్లు కట్టే వ్యాపారికీ ఆ మాత్రం హక్కు ఉండాలి.