కౌంట్ వచ్చాక కూడా మాస్కెందుకు?

ఎముక మజ్జ మార్పిడి చేయించుకుని అనకాపల్లి చేరిన మనిషిని పలకరించడానికి వచ్చిన చుట్టాలు తప్పక అడిగే మాట: "కౌంట్ వచ్చేసిందన్నారు కదా, ఇంకా మాస్కెందుకు?"

న్యాయమైన ప్రశ్నే. మన దేశంలో ఈ చికిత్స 1983లో ముంబై టాటా మెమోరియల్‌లో మొదలైంది. అదే సంస్థకు చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఇప్పుడు మనకు దగ్గర్లోనే, అగనంపూడిలో ఉంది. అయినా కౌంట్ అంటే ఏమిటో ఇళ్లలో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ.

ఆ కౌంట్ ముఖ్యంగా న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలది. భారీ కీమోతో పాత మజ్జను ఖాళీ చేసి, దాత మూలకణాలను రక్తంలాగే నరంలోకి ఎక్కిస్తారు. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరుకు 500 చేరి, వరసగా మూడు రోజులు నిలబడితే కొత్త మజ్జ పట్టుకున్నట్టే. కానీ ఈ కణాల పని బ్యాక్టీరియానూ బూజునూ మింగడం. వైరస్‌ల పని పట్టే వాటిలో ఎన్‌కే కణాలు నెల, రెండు నెలల్లో వస్తాయి. బి-కణాలు మంచి యాంటీబాడీలు చేయాలంటే ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. టి-కణాలది మరీ ఆలస్యం.

టి-కణాలు మజ్జలో పుట్టినా చదువుకునేది ఛాతీలో, గుండెకు పైనుండే బాలగ్రంథిలో. ఏది సొంతం, ఏది పరాయి అన్నది అక్కడే నేర్చుకుంటాయి. ఆ గ్రంథేమో వయసుతో కుంచించుకుపోయి, చాలావరకు కొవ్వుగా మారిపోతుంది. కీమో దాన్ని ఇంకాస్త దెబ్బతీస్తుంది. అందుకే పిల్లలు త్వరగా తేరుకుంటారు, పెద్దవాళ్లకు ఏళ్లు పడుతుంది. మొదటి నెలల్లో పెద్దవాళ్ల రక్తంలో కనిపించే టి-కణాలు చాలావరకు దాత నుంచి వచ్చిన కొద్ది కణాలే మళ్లీ మళ్లీ విభజన చెందగా పుట్టినవి. సంఖ్య ఉంటుంది గానీ, అవి గుర్తుపట్టగలిగే క్రిములు తక్కువ. దీన్ని పసిగట్టే పరీక్ష నాకు భలే నచ్చుతుంది. బాలగ్రంథి నుంచి కొత్తగా వచ్చిన టి-కణంలో చిన్న గుండ్రటి డీఎన్ఏ ముక్క మిగిలి ఉంటుంది. కణం రెండైనా ఆ ముక్క రెండవదు. దాన్ని లెక్కిస్తే గ్రంథి పనిచేస్తోందో లేదో తెలిసిపోతుంది.

టి-కణాలు తేరుకునేలోగా, ఎప్పుడో వచ్చి పోయిన చికెన్‌పాక్స్ వైరస్ అక్కిగా పైకి లేవొచ్చు. బూజు సంగతి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. బెల్లం గానుగల దగ్గర తడిసి ముక్కిన చెరకు పిప్పి కదిపితే ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజుల రేణువులు గాల్లోకి లేస్తాయి. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తులు మామూలుగా తట్టుకుంటాయి. రోగనిరోధక శక్తిని అణిచే స్టెరాయిడ్లు వాడుతున్న మార్పిడి రోగికి మాత్రం, కౌంట్ ఉన్నా, ప్రాణాంతకమైన న్యుమోనియా రావొచ్చు. డిశ్చార్జి కాగితం మీద "దుమ్ముకు దూరం" అని రాస్తే చాలదు, పిప్పి, గడ్డివాము, కూలగొడుతున్న పాత గోడ అని పేరుపేరునా చెప్పాలి. నూకాంబిక జాతర రద్దీ కూడా ఆ ఏడాదికి వద్దు.

చిన్నప్పటి టీకాల రక్షణ కూడా చాలామటుకు పోతుంది. అందుకే యాభై ఏళ్ల మనిషికైనా మళ్లీ చంటిపిల్లల టీకాలు వేస్తారు. న్యుమోకాకల్ 3 నుంచి 6 నెలల మధ్య మొదలవుతుంది, ధనుర్వాతం, కంఠసర్పి టీకాలు ఆ తరవాత. బతికున్న వైరస్‌తో చేసే తట్టు టీకా రెండేళ్లు నిండి, రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఆపాకే. ఇంట్లో పసిబిడ్డ ఉంటే పోలియో చుక్కలు వేయించేముందు డాక్టరును అడగాలి. చుక్కల్లోని బలహీనపరచిన వైరస్ బిడ్డ మలంలో కొన్ని వారాలు బయటికి వస్తుంది.