తాబేటికి పాఠము చెప్పిన పిల్లలు

కంప్యూటరు మానవుడు ఇచ్చిన ఆజ్ఞలను వరుసగా పాటించు యంత్రము. అట్టి ఆజ్ఞల వరుసకే ప్రోగ్రామని పేరు. దీనిని కూర్చుట పెద్దలకే సాధ్యమని ఒకప్పుడు పలువురు తలచిరి. అక్షరములు రాని శిశువులు సైతము ఈ పని చేయగలరని చూపినది ఒక బొమ్మ తాబేలు.

దక్షిణాఫ్రికాలో జన్మించిన సీమోర్ పాపర్ట్ అను గణితవేత్త, జెనీవా నగరమున పియాజే అను శాస్త్రజ్ఞుని కడ కొంతకాలము పనిచేసెను. పిల్లలు జ్ఞానమును ఇతరుల నుండి పుచ్చుకొనుటయే కాక, స్వానుభవముతో నిర్మించుకొందురని అచట గ్రహించెను. పిమ్మట అమెరికా చేరి, 1967లో సహచరులతో కలిసి పిల్లల కొరకు 'లోగో' అను కంప్యూటరు భాషను రూపొందించెను. ఆ భాషలోని ఆజ్ఞల ననుసరించి నేలపై చక్రములతో నడచు యంత్రమునకు తాబేలని పేరిడిరి. దాని కడుపున ఒక కలము కలదు. అది నడచిన దారి కాగితముపై గీత యగును.

కొంత దూరము ముందుకు నడచి, 90 డిగ్రీలు కుడికి తిరుగుమని నాలుగు మారులు చెప్పినచో చతురస్ర మేర్పడును. మరి సమబాహు త్రిభుజమో? దాని కోణము 60 డిగ్రీలు కదా యని బాలిక 60 చొప్పున తిప్పును. తాబేలు త్రిభుజమును విడిచి షడ్భుజి దారి పట్టును. అప్పుడు బాలిక తానే తాబేలై నేలపై నడచి చూచును. చుట్టు తిరిగి, బయలుదేరిన దిక్కునకే ముఖము పెట్టి నిలుచుటకు మొత్తము 360 డిగ్రీలు తిరుగవలెను. మలుపులు మూడు గనుక ఒక్కొక్కటి 120! ఇచట పొరపాటే గురువైనది.

అయినను చదువ నేర్వని శిశువులకు ఆజ్ఞలను టైపు చేయుట కష్టము. 1970 దశకము నడుమ ఎం.ఐ.టి. అను అమెరికా విద్యాసంస్థలో రేడియా పెర్ల్‌మన్ అను యువతి దీనికి ఉపాయము కనుగొనెను. ఆమె ఒక్కొక్క ఆజ్ఞను ఒక్కొక్క బొమ్మల పలకగా మార్చెను. శిశువు ఆ పలకలను పెట్టెలోని సందులలో వరుసగా దూర్చి మీట నొక్కగనే, తాబేలు ఆ క్రమముననే కదలును. తాబేలు తప్పుదారి పట్టినచో పలకను తీసి వేరొక చోట నుంచిన చాలును. ఒక రంగు పలకను పెట్టినచో, అదే రంగు పెట్టెలోని ఆజ్ఞలన్నియు జరుగును. ఇట్లు పెద్ద పనిని చిన్న పనులుగా విభజించుట శిశువునకు ఆటలోనే అలవడును.

యంత్రము బాలుని నడపరాదు. బాలుడే యంత్రమును నడపవలెనని పాపర్ట్ ఆశయము. 1980లో వెలువడిన తన గ్రంథమున ఆయన దీనిని విశదీకరించెను. తప్పును చూచి సిగ్గుపడక, దాని చోటును వెదకి దిద్దుకొనువాడే నిజమైన విద్యార్థి. తాబేలు నేర్పిన పాఠ మిదియే.