చక్రాల పలకపై వయసు మరచే విద్య

కారంపూడిలో కార్తిక అమావాస్యనాడు మొదలయ్యే వీరుల ఉత్సవంలో పల్నాటి వీరగాథను పాడే వృద్ధ వీరవిద్యావంతులను మన శ్రోతలు ఎరుగుదురు. వయసు గొంతును తాకినా, విద్యపై మమకారాన్ని తాకలేదు. అట్టి మమకారాన్నే సముద్రాల కావల మరొక విద్యలో చూస్తున్నాము. దాని పేరు ఫ్రీస్టైల్ స్కేట్‌బోర్డింగ్.

నాలుగు చక్రాల పలకపై నిలిచి, చదునైన నేలమీదనే, తరచు సంగీతానికి అనుగుణంగా పలకను తిప్పుతూ, ఎగురవేస్తూ చేసే విన్యాసమిది. 1960 తరువాత కాలిఫోర్నియాలో ప్రబలింది. 1970 తరువాత మట్టి చక్రాలకు బదులు పాలీయూరిథేన్ చక్రాలు రాగా నేలపై పట్టు కుదిరింది.

1966లో జన్మించిన రాడ్నీ మల్లెన్ ఇందులో అగ్రగణ్యుడు. ఏటవాలు గోడలపై పుట్టిన ‘ఆలీ’ అనే గెంతును అతడు 1980 తరువాత చదును నేలపై సాధించాడు. పలక తోకను నేలకు తాటించి, పైకి లేచిన ముందుకొనను పాదంతో సమం చేయడమే అందలి కిటుకు. నేటి వీథి స్కేటింగుకు అదే పునాది.

అయినా 1990 తరువాత ఫ్రీస్టైల్ పోటీలు చాలవరకు ఆగిపోయాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో స్కేట్‌బోర్డింగుకు ప్రవేశం లభించినా, ఈ శాఖకు చోటు దక్కలేదు. కాని అభిమానులు విడువలేదు. తమ పోటీలను తామే మరల నిలబెట్టుకొన్నారు. మల్లెన్ సైతం 2016లో, ఏబదియేండ్లు నిండవచ్చిన వేళ, క్రొత్త విన్యాసాలతో ‘లిమినల్’ అనే చిత్రంలో కనిపించాడు.

మన యిండ్లలోనూ ఏదో విద్యను విడువలేని పెద్దలుంటారు. “ఈ వయసులో ఎందుకు?” అనక, వారి చెంత కూర్చుండి నేర్చుకొందాము.