అడవి చూడాలంటే ముందు అడుగు సాగాలి
(ఉద్యోగ విరమణ తర్వాత విహారయాత్రలు – ఆరోగ్య జాగ్రత్తలు)



ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగులు ఇప్పుడు 62 ఏళ్లకు, తెలంగాణలో 61 ఏళ్లకు రిటైరవుతున్నారు. పిల్లల చదువులు, పెళ్ళిళ్లు, ఇంటి అప్పు అన్నీ తీరి, "ఇకనైనా నాలుగు చోట్లు చూసి వద్దాం" అని భార్యాభర్తలు అనుకునేసరికి ఒకరికి బి.పి., మరొకరికి మోకాళ్ల నొప్పులు వచ్చి ఉంటాయి. "ఈ వయసులో అడవులకూ కొండలకూ వెళ్లవచ్చా సిస్టరమ్మా?" అని ఓ.పి.లో చాలామంది అడుగుతుంటారు.

తప్పకుండా వెళ్లవచ్చు. యాత్రను పాడుచేసేది చాలాసార్లు వయసు కాదు, సిద్ధపడని శరీరం. టికెట్టు నెల ముందు తీసుకుంటాము కదా, ఒంటిని మూడు నెలల ముందు నుండే సిద్ధం చేసుకోవాలి.

ఇంటి దగ్గరే మొదలుపెట్టండి

రోజూ 15 నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారానికి 5 నిమిషాల చొప్పున పెంచుతూ 45 నిమిషాలకు రండి. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం తగ్గించండి. రెండు అంతస్తుల మెట్లు ఆగకుండా, ఛాతీనొప్పి గాని విపరీతమైన ఆయాసం గాని లేకుండా ఎక్కగలిగితే మంచి గుర్తు. ఎక్కలేకపోతే ముందు డాక్టరుగారిని కలవండి. హైదరాబాదులో ఉన్నవారికి జూబ్లీహిల్స్ దగ్గరి కె.బి.ఆర్. జాతీయ ఉద్యానవనం, చిలుకూరు దారిలోని మృగవని జాతీయ ఉద్యానవనం ఈ అభ్యాసానికి చక్కని చోట్లు.

ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లోని మూడు యాత్రలు చూద్దాం. ఒకటి జీపులో, ఒకటి కాలినడకన, ఒకటి లాంచీలో.

నల్లమల: జీపు కుదుపులు

నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ అభయారణ్యం అయింది. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటాక ఫర్హాబాద్ దగ్గర అటవీశాఖ వాహనాల్లో లోపలికి తీసుకువెళతారు. పులి కనబడటం అదృష్టం. జింకలు, నెమళ్లు, కొండ అంచు నుండి కనిపించే అడవి మాత్రం కన్నులపండుగ. వర్షాకాలంలో సఫారీలు ఆపివేస్తారు కాబట్టి ముందుగా విచారించుకోండి.

ఇక్కడ నడక తక్కువ, కుదుపులు ఎక్కువ. నడుమునొప్పి, ఎముకల బలహీనత ఉన్నవారు వెనుక చక్రాల మీది సీటులో కూర్చోకండి. ఈమధ్యే కంటి ఆపరేషన్ గాని మరే ఆపరేషన్ గాని అయినవారు డాక్టరుగారిని అడిగి బయలుదేరండి. షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు తినకుండా జీపు ఎక్కవద్దు. చెమటలు, వణుకు, తికమక మొదలైతే వెంటనే మూడు చెంచాల గ్లూకోజు లేదా పంచదార నీళ్లలో కలిపి తాగండి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ తాగండి. తేరుకున్నాక ఏదైనా తినండి.

తలకోన: దిగేటప్పుడే జాగ్రత్త

1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉంది తలకోన. సుమారు 270 అడుగుల ఎత్తు నుండి పడే ఆ జలపాతాన్ని చూడాలంటే కొంత నడక, కొన్ని మెట్లు తప్పవు. ఎక్కడం గుండెకు పరీక్ష, దిగడం మోకాళ్లకు పరీక్ష. చేతికర్ర తీసుకోండి, చిన్న చిన్న అడుగులు వేయండి. తడి రాళ్ల మీద జారి తుంటి ఎముక విరిగితే మంచం మీద నెలలు గడపవలసి వస్తుంది.

షుగరు ఉన్నవారు నీళ్లలోకి సైతం చెప్పులు లేకుండా దిగవద్దు. పాదాల స్పర్శ తగ్గినవారికి రాయి కోసుకున్నా తెలియదు. సాయంత్రం ఇద్దరూ ఒకరి పాదాలు ఒకరు వెలుతురులో చూసుకోండి.

పాపికొండలు: లైఫ్ జాకెట్, నీటి మాత్ర

గోదావరి మీద లాంచీలో సాగే ఈ యాత్రను ఇష్టపడనివారుండరు. 2008లో పాపికొండలను జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. అయితే 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరదలో బోటు మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. గోదావరి పొంగుతున్న రోజుల్లో ప్రయాణం మానుకోండి. ఉక్కగా ఉందని, భోజనానికి అడ్డమని లైఫ్ జాకెట్ విప్పకండి.

ఇంకొక సంగతి. ఒక రిటైర్డ్ మాస్టారు గుండెజబ్బుకు ఇచ్చిన నీటి మాత్రను యాత్ర నాలుగు రోజులూ మానేశారు. "దారంతా బస్సు ఎక్కడ ఆపమంటాను సిస్టరమ్మా?" అన్నారు. కాళ్లు వాచి, పడుకోలేనంత ఆయాసంతో తిరిగి వచ్చారు. ఈ మాత్రను మానవద్దు. ప్రయాణం రోజున ఏ వేళకు వేసుకోవాలో డాక్టరుగారే మార్చి చెబుతారు. మూత్రానికి భయపడి మంచినీళ్లు మానేయడమూ ప్రమాదమే.

ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియా ఉంది. రాత్రి బస చేస్తే దోమతెర, నిండు చేతుల బట్టలు తప్పనిసరి. ఇంటికి వచ్చిన నెల లోపల జ్వరం వస్తే, "ఫలానా అడవికి వెళ్లి వచ్చాము" అని డాక్టరుగారికి మొదటి మాటగా చెప్పండి. ఆ ఒక్క మాటతో రక్తపరీక్ష ఆలస్యం కాకుండా జరుగుతుంది.

మీ చేతిసంచిలో

• రోజుల లెక్కకు మించి మరో మూడు రోజుల మందులు. పెద్ద పెట్టెలో కాదు, చేతిసంచిలోనే.
• మందుల చీటీ నకలు, జబ్బుల పేర్లు, పిల్లల ఫోన్ నంబర్లు రాసిన కాగితం. అడవిలో సిగ్నల్ ఉండకపోవచ్చు.
• ఇన్సులిన్ ఎండ తగలని చోట. ఐసుకు ఆనించవద్దు, గడ్డకడితే పనికిరాదు.
• గ్లూకోజు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, టార్చిలైటు.

ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమటలు వస్తే "గ్యాసేలే" అనుకోవద్దు. నడక ఆపి కూర్చోండి, 108కి ఫోన్ చేయించండి. పాము కాటేస్తే కోయవద్దు, కట్టు బిగించవద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చండి.

సమతల నేల మీదనే ఆయాసపడేవారు, కాలిపుండు ఉన్నవారు, బి.పి. అదుపులో లేనివారు ఇప్పటికి ఆగండి. ఇది యాత్ర రద్దు కాదు, వాయిదా మాత్రమే. వైద్యం చేయించుకుని వచ్చే చలికాలానికి బయలుదేరవచ్చు. ఒకరికి నడక కష్టమైతే ఇద్దరూ మానుకోనవసరం లేదు, తలకోన బదులు నల్లమల ఎంచుకోండి.

నవంబరు–ఫిబ్రవరి ఈ యాత్రలకు అనువైన కాలం. అంటే ఆగస్టులోనే వాడే మందులన్నీ సంచిలో వేసుకుని దంపతులిద్దరూ ఒకసారి పరీక్షకు రండి. నడక మాత్రం రేపు ఉదయమే మొదలుపెట్టండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్