ఆరుగురితో మొదలైన కాలేజీ

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం మన సంఘాల్లో కృతజ్ఞతార్పణలు ఎక్కువ. మంచి మార్కులు వచ్చిన బిడ్డను ముందుకు పిలుస్తాం, తలమీద చేయి ఉంచి ప్రార్థిస్తాం. తప్పిన బిడ్డ ఆ ఆదివారం ఆరాధనకు రాడు. ఎందుకు రాలేదని మేమూ చాలా ఏళ్లు అడగలేదు.

హెబ్రీ పండితుడు విలియం రెయినీ హార్పర్ జీవితం చదివాక ఆ ఖాళీ చోటు మా కళ్లకు కనబడడం మొదలైంది. 1856లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పుట్టిన హార్పర్ పదేళ్లకే కాలేజీలో అడుగుపెట్టారు. 14 ఏళ్లకు డిగ్రీ, 19 నిండకముందే యేల్‌లో డాక్టరేట్. ఇంత వేగంగా పరుగెత్తినవారికి వెనకబడినవారు కనబడడం అరుదు. ఆయనకు కనబడ్డారు.

చికాగో దగ్గర మోర్గన్ పార్కులోని బాప్టిస్టు సెమినరీలో హెబ్రీ చెబుతున్న రోజుల్లోనే, 1881లో, సెమినరీకి రాలేని పాస్టర్లకు టపాలో పాఠాలు పంపడం మొదలుపెట్టారు. సూత్రాలు బట్టీ పట్టించడం కాదు, నేరుగా ఆదికాండము మొదటి వచనంతోనే ఆరంభించి, అందులోంచే వ్యాకరణం రాబట్టడం ఆయన పద్ధతి. (హెబ్రీ క్రియలతో కుస్తీ పట్టిన మాలాంటివారికి ఆ సుఖం తెలుస్తుంది.)

తరువాత ఆయన చికాగో విశ్వవిద్యాలయానికి తొలి అధ్యక్షులయ్యారు. డిగ్రీలో మొదటి రెండేళ్లకు ‘జూనియర్ కాలేజీ’ అని పేరు పెట్టారు. మనం ఇంటర్‌కు వాడే మాటే గాని అక్కడ అర్థం వేరు. ఆ రెండేళ్ల చదువు విశ్వవిద్యాలయంలోనే జరగనక్కరలేదని ఆయన అభిప్రాయం. 1901లో చికాగోకు నైరుతి దిక్కునున్న జోలియెట్ పట్టణంలో, అక్కడి హైస్కూలు పెద్ద స్టాన్లీ బ్రౌన్‌తో కలిసి దాన్ని ఆచరణలో పెట్టారు. ఇల్లు విడిచి దూరం వెళ్లలేని పిల్లలు సొంత ఊళ్లోనే రెండేళ్లు చదివి, ఆపైన విశ్వవిద్యాలయానికి వెళ్లవచ్చు. చేరినవారు ఆరుగురు.

హార్పర్ ఉద్దేశం పూర్తిగా పేదల కోసమేనని చెప్పలేం. మొదటి రెండేళ్ల బరువు దిగితే విశ్వవిద్యాలయం పరిశోధనపై మనసు పెడుతుందన్న లెక్క కూడా అందులో ఉంది. దేవుడు మన కలగలుపు ఉద్దేశాలను సైతం వాడుకుంటాడు. ఆయన 1906లో, 49 ఏళ్లకే క్యాన్సర్‌తో ప్రభువునందు నిద్రించారు. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం తన నివేదికలో ఇలాంటి కాలేజీలను ‘కమ్యూనిటీ కాలేజీలు’ అని పిలిచి, ఊరూరా రావాలని కోరింది. ఇప్పుడు అమెరికాలో సుమారు వెయ్యి ఉన్నాయి. మార్కులు తక్కువని చాలావరకు తిప్పి పంపరు, ఫీజు తక్కువ, పని చేసుకునేవారికి సాయంత్రం తరగతులు. నర్సింగు నేర్చుకునే తల్లి, వెల్డింగు నేర్చుకునే కుర్రాడు, డిగ్రీకి సిద్ధపడే అమ్మాయి అందరూ అక్కడే. మన దేశంలోనూ 1990వ దశకంలో పుదుచ్చేరి, చెన్నైలలో ఈ పని మొదలైంది. చెన్నైలో దానికి పూనుకున్నది క్యాథలిక్ సహోదరులు.

అమెరికాలో ఉంటున్న మన విశ్వాసులు కొందరు, బిడ్డ కమ్యూనిటీ కాలేజీలో చేరితే ఆ పేరు చెప్పడానికి మొహమాటపడతారు. మత్తయి సువార్త 20వ అధ్యాయంలో, పనికి పిలిచేవారు లేక పొద్దు వాలేదాకా సంతవీధిలో నిలబడిపోయిన కూలీలున్నారు. యజమాని వారికోసం మళ్లీ బయటికి వెళ్లాడు. ఆ వాక్యంపై ఎన్నోసార్లు ప్రసంగించాం గాని, మేము బయటికి వెళ్లింది తక్కువ.

ఈమధ్య ఫలితాలు వచ్చిన మర్నాడు రెండు సబ్జెక్టులు తప్పిన ఒక అబ్బాయి ఇంటికి వెళ్లాం. సంఘంలో డోలక్ వాయించేది అతనే. తల్లి కుర్చీ వేసి, కొడుకును పిలవడానికి వెనకాడింది. చాలాసేపటికి అతనే బయటికి వచ్చాడు.

“అయ్యగారూ, సప్లిమెంటరీ రాస్తాను. పాసయ్యేదాకా డోలక్ ఇంకెవరికైనా ఇచ్చెయ్యమంటారా?”

వద్దన్నాం. లెక్కలు చెప్పడానికి సంఘంలోని ఒక టీచరమ్మను అడిగాం. సాయంత్రం ఆరాధన అయ్యాక మందిరం వరండాలో కూర్చోబెట్టి చెబుతానన్నారు. మొదటి రోజు అతనొక్కడే వచ్చాడు. రెండో వారానికి నలుగురయ్యారు.