పెరటి ఆక్వాపోనిక్స్: చేపపిల్లల కొనుగోలుకు తొందర తగదు

చేపల తొట్టి నీటిని కంకర మడిలోని మొక్కలకు పారించి, తిరిగి తొట్టికే చేర్చే ఆక్వాపోనిక్స్‌లో కొత్తవారు నష్టపోయేది ఎక్కువగా ఆరంభంలోనే. చేపలు విడిచే అమ్మోనియాను నైట్రైటుగా, ఆపై మొక్కలకు పనికివచ్చే నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు కంకరను పట్టుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఈలోగా చేపలు లేకుండానే, నీటిలో కొద్ది కొద్దిగా అమ్మోనియా కలుపుతూ పంపు నడపాలి. పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు దాదాపు సున్నాకు దిగి నైట్రేటు కనబడితే, అప్పుడు పిల్లల కొనుగోలు.

తొట్టి, పంపు, పిల్లలు ఒకే బేరంలో అంటగట్టే వర్తకుడు మేత అమ్మకాన్ని పోగొట్టుకున్నట్టే. తొట్టి ఒకసారి కొనే సరుకు. మేత రోజూ కావాలి.

మన దేశంలో తిలాపియా పెంపకానికి ప్రభుత్వ అనుమతి అవసరం. మొక్కల్లో ముందు ఆకుకూరలే మేలు, టమాటాకు పోషకాలు ఎక్కువ కావాలి. కరెంటు కోతకు బ్యాటరీ గాలి పంపు సిద్ధంగా ఉంచుకోవాలి.